లోపలున్నవాళ్ళు, గేటు బయటివాళ్ళు

దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న నడిచింది, ఎస్‌ప్లనేడ్‌కీ భవానీపూర్‌కీ మధ్య. మొత్తం 3.4 కిలోమీటర్లు. ఒక కొసన ఫుట్‌బాల్ క్లబ్బుల మైదాన్, రెండో కొసన ఆ క్లబ్బుల కోసం చొక్కాలు చించుకునే జనం. భవానీపూర్ స్టేషన్‌కి ఇప్పుడు నేతాజీ భవన్ అని పేరు. మెట్లెక్కి పైకొచ్చి జదుబాబు బజారు వైపు నాలుగడుగులేస్తే మట్టి ముంతల్లో టీ పోసే కొట్లు కనిపిస్తాయి. ఏ కొట్టు దగ్గర నిలబడ్డా కాసేపటికి మాట ఆట మీదికి మళ్ళుతుంది. ఆ వెంటనే ఎవరో ఒకరు ముంత పక్కన పెట్టి, "ఆటలోకి రాజకీయాలు తేకండి మొషాయ్" అంటారు.

ఈ పేటలో నిలబడి ఆ మాట అనాలంటే గుండె ధైర్యం కావాలి. 2021 ఎన్నికల్లో బెంగాల్ గోడలన్నీ నిండిపోయిన నినాదం "ఖేలా హొబే". ఆట ఉంటుంది, చూసుకుందాం అని. ఆ ఏడాది సెప్టెంబరు 30న జరిగిన భవానీపూర్ ఉప ఎన్నికలో మమతా బెనర్జీ 58 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ ముందు నెల 16నే ఆమె ప్రభుత్వం "ఖేలా హొబే దిబస్" మొదలుపెట్టి క్లబ్బులకు ఫుట్‌బాళ్ళు పంచింది. ఆగస్టు 16 ఎందుకంటే, 1980లో అదే రోజున ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్ళిన 16 మంది తొక్కిసలాటలో చనిపోయారు. కాదు, ఆగస్టు 16 అంటే 1946లో కలకత్తాలో మారణకాండ జరిగిన డైరెక్ట్ యాక్షన్ డే, ఆ రోజున పండగేమిటని బీజేపీ అడిగింది. ఒకే తేదీకి రెండు పార్టీలు రెండు చావుల్ని గుర్తుచేశాయి. పోయిన పదహారు మంది మాత్రం టికెట్ కొనుక్కుని ఆట చూడబోయినవాళ్ళు, అంతే.

నాకు వరసకు బాబాయి అయ్యే ఒకాయన రైల్వేలో చేసి రిటైరై ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగాయన. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో బెంగాలీ, బెంగాలీ మాట్లాడుతుంటే మధ్యలో "ఒరే" దొర్లుతుంటాయి. ఆయనదీ అదే మాట. "ఒరే, మా రోజుల్లో ఆట ఆటలా ఉండేదిరా. మైదాన్‌కి వెళ్ళామా, టికెట్ దొరక్కపోతే ఫోర్ట్ విలియం గట్టెక్కి చూశామా, ఇంటికొచ్చామా. ఈ మంత్రులూ, ఈ కమిటీలూ ఎక్కడివి?"

బాబాయి మీద గౌరవం ఉంది కాబట్టి అక్కడ ఊరుకున్నాను. కానీ ఆ మైదాన్ నేలే సైన్యానిది. క్లబ్బులు అక్కడ పక్కా భవనం కట్టుకోలేక నూరేళ్ళకు పైగా టెంట్లలోనే ఉన్నాయి. ఆయన ఎక్కి చూసిన గట్టు ఒక కోటది. బంతి ఇంకా నేల మీద పడకముందే రాజకీయం వచ్చి కూర్చున్న చోటు అది.

కుమ్మరి కుర్రాడు, బూట్ల మాస్టారు

భారత ఫుట్‌బాల్‌కి ఆద్యుడని చెప్పుకునే నగేంద్రప్రసాద్ సర్వాధికారి కథ చాలామంది గోల్స్ దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం అది 1880ల్లో వెల్లింగ్టన్ క్లబ్ తలుపు దగ్గర మొదలవుతుంది. మణి దాస్ అనే కుర్రాడు ఆడతానని వచ్చాడు. కుమ్మరి వాళ్ళబ్బాయి. పెద్దింటి సభ్యులు ముఖం చిట్లించారు. అతనితో కలిసి ఆడటమా, అదే బెంచీ మీద కూర్చోవడమా అన్నారు. వాళ్ళకి నచ్చజెబుతూ కూర్చోలేదు నగేంద్రప్రసాద్. ఆ క్లబ్బునే మూసేసి శోభాబజార్ క్లబ్ పెట్టారు. మణి దాస్ అందులో సభ్యుడు. 1892లో ట్రేడ్స్ కప్‌లో ఈస్ట్ సర్రే రెజిమెంట్‌ని ఓడించింది ఆ క్లబ్బే. తెల్లవాళ్ళ జట్టు మీద మనవాళ్ళ తొలి పెద్ద గెలుపుల్లో అదొకటి.

తెల్లవాడిని ఓడించిన కథ స్కూలు పుస్తకాలకెక్కింది. మనవాడిని మనవాళ్ళే గుమ్మం దగ్గర ఆపిన కథ సినిమా తీసేదాకా చాలామందికి తెలియలేదు.

భవానీపూర్ వంతు 1911లో వచ్చింది. ఆ ఏడాది జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ 2-1 తేడాతో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించింది. శివదాస్ భాదురి ఒకటి కొట్టాడు, అభిలాష్ ఘోష్ ఇంకోటి. ఆట కనిపించనంత వెనక నిలబడ్డ వేలాదిమందికి గాలిపటాలెగరేసి స్కోరు చెప్పారు. పదకొండు మందిలో పది మంది ఉత్తకాళ్ళతో ఆడారు. బూట్లున్న ఆ ఒక్కడూ లెఫ్ట్ బ్యాక్ సుధీర్ చటర్జీ. భవానీపూర్‌లో లండన్ మిషనరీ సొసైటీ కాలేజీలో పాఠాలు చెప్పే క్రైస్తవుడు. తర్వాత రెవరెండ్ అయ్యారు. (అదే ఏడాది డిసెంబరులో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించారు కాబట్టి, ఈ రెండు గోల్స్ దెబ్బకే దొరలు పారిపోయారని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అంత లేదు.)

సుధీర్ బాబు బూట్ల గురించి నేను ఎక్కువే ఆలోచించాను. తోలు బూట్ల సోల్జర్ల ముందు ఉత్తకాళ్ళ పదిమంది. నిబంధనల ప్రకారం తప్పేం లేదు. బంతి ఒకటే, గోల్ కొలత ఒకటే, రిఫరీ విజిల్ ఒకటే. పుస్తకంలో అంతా సమానమే, కాళ్ళు చూస్తేనే తేడా తెలుస్తుంది. మనవాళ్ళు గెలిచారు కాబట్టి ఉత్తకాళ్ళు వీరగాథ అయ్యాయి. ఓడిపోయి ఉంటే? 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టులో ఎక్కువమంది అలాగే ఉత్తకాళ్ళతో ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడిపోయారు. ఆ ఓటమి మీద పాటలెవరూ కట్టలేదు.

లోపలికొచ్చినవాడే తలుపేస్తాడు

1911 గెలుపు తర్వాత కూడా కలకత్తా లీగ్ మొదటి డివిజన్లో భారతీయ జట్లు రెండింటికి మించకూడదన్న కట్టుబాటు చాలాకాలం నడిచింది. షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్‌కే మొదటి డివిజన్‌కి చేరడానికి 1915 దాకా పట్టింది.

ఇంతలో ఇంకో గొడవ. 1920 జులై 28న కూచ్ బిహార్ కప్‌లో మోహన్ బగాన్ మీద ఆడాల్సిన జోడాబగాన్ జట్టు, శైలేష్ బోస్ అనే ఆటగాడిని పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్ వాడు కాబట్టే తీసేశారని సురేశ్ చంద్ర చౌధురి మండిపడి క్లబ్బు వదిలి బయటికొచ్చారు. నాలుగు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 1న, ఈస్ట్ బెంగాల్ క్లబ్ పుట్టింది. ఆ క్లబ్బు రెండో డివిజన్లో పైకొచ్చి మొదటి డివిజన్ తలుపు తట్టినప్పుడు పాత రెండు జట్ల కట్టుబాటు అడ్డొచ్చింది. ఆ కట్టుబాటు తీసేస్తామంటే వద్దన్నది తోటి భారతీయ క్లబ్బులేనని ఈస్ట్ బెంగాల్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి తలుపు తెరుచుకుంది. 1925లో వాళ్ళు మొదటి డివిజన్లో ఆడారు.

హౌరాలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కినవాళ్ళకి ఇది కొత్త కాదు. కిటికీలోంచి దూరి, తిట్లు తిని, మోచేతులతో పొడిచి చోటు సంపాదించుకున్నవాడే ఖరగ్‌పూర్ రాగానే తలుపుకి అడ్డంగా నిలబడి "ఖాళీ లేదు, పక్క బోగీకి పో" అంటాడు.

తర్వాత ఆ బోగీ ఎక్కింది మహమ్మడన్ స్పోర్టింగ్. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1938 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. మోహన్ బగాన్ గెలిస్తే దేశం గెలిచిందన్న నోళ్ళే మహమ్మడన్ గెలిస్తే ముస్లింలు గెలిచారన్నాయి. ఒకే లీగు, ఒకే దొరల జట్లు, ఒకే విజయం.

ఈ వరసలో మనవాళ్ళూ ఉన్నారు. ఈస్ట్ బెంగాల్ అభిమాని ఎవరినైనా పంచ పాండవుల గురించి అడగండి, మహాభారతం చెప్పరు. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, సాలే అంటారు. 1949 నుంచి 53 దాకా ఆ ఐదుగురి ఫార్వర్డ్ లైన్ మైదాన్‌ని ఏలింది. అప్పారావు పేరు దగ్గర తెలుగువాడు ఎలాగూ ఒక క్షణం ఆగుతాడు. ఐదుగురూ బెంగాల్ బయటి నుంచి వచ్చినవాళ్ళే. దేశవిభజనతో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని శిబిరాల్లో పడ్డ జనానికి తమదని చెప్పుకోవడానికి మిగిలింది ఆ క్లబ్బొకటే. దాన్ని గెలిపించింది బెంగాలీ రానివాళ్ళు.

ఆ తర్వాత వచ్చినవాడు సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. బాబాయి గట్టెక్కి చూశానన్నది ఈయన ఆటే. "బంతి కాలికి అతుక్కుని వచ్చేదిరా, విడదీయాలంటే ఫౌల్ చెయ్యాల్సిందే" అంటూ కూర్చున్న కుర్చీలోంచే ఎడమకాలు చాచి చూపించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ బలరాంవే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

జకార్తా సంగతి వేరే చెప్పాలి. తైవాన్, ఇజ్రాయెల్ జట్లకి ఇండోనేషియా వీసాలివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన క్రీడాధికారి జి.డి.సోంధి అడిగారు. జకార్తా జనం భగ్గుమన్నారు, భారత రాయబార కార్యాలయం మీదికి వెళ్ళారు. సెప్టెంబరు 4న ఫైనల్లో లక్ష మంది నోళ్ళు మన జట్టుని ఎగతాళి చేస్తుండగా పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టి దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. సోంధి అడిగింది సరైన మాటే అనుకుంటాను. కానీ మాట ఆయనది, అరుపులు పడ్డవాళ్ళు ఆటగాళ్ళు. ఆట, రాజకీయం గురించి తీర్పులు చెప్పేటప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

పి.కె., చునీ గోస్వామి, బలరాం. ఆ తరం వాళ్ళు ఈ ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెబుతారు. చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది, పి.కె.కి 1990లో. బలరాంకి 1962 నాటి అర్జున అవార్డే ఆఖరు. ఆ బాధ ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్ళందరికీ చెప్పారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలోనే పోయారు. ఇక్కడివాళ్ళకి ఆయన హైదరాబాద్ వాడు, హైదరాబాద్ వాళ్ళకి ఎప్పుడో కలకత్తా వెళ్ళిపోయినవాడు. సిఫారసు ఉత్తరం ఎవరు రాయాలి?

ఇప్పుడైతే ఆ బలరాంకి కలకత్తా లీగ్‌లో చోటు దొరకడమే కష్టం. ఈమధ్య బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ ఈ లీగ్‌లో విదేశీయుల్ని ఆపేసింది. ఆపైన భూమిపుత్రుల నిబంధన పెట్టింది. ప్రతి జట్టూ మైదానంలో ఎప్పుడూ కనీసం కొందరు బెంగాల్ పిల్లల్ని ఆడించి తీరాలి. ముల్కీ గొడవలు చూసిన మనకి ఈ వాసన తెలుసు. 1952లో హైదరాబాద్‌లో "గైర్ ముల్కీ గో బ్యాక్" అని ఊరేగిన కుర్రాళ్ళ బాధలో నిజముంది. ఇక్కడి జిల్లాల నుంచి తెల్లారుజామున లోకల్ రైలెక్కి ప్రాక్టీసుకొచ్చి, సీజనంతా బెంచీ మీద కూర్చుని వెళ్ళే కుర్రాడి బాధలోనూ అంతే నిజముంది. వాడికి చోటు కావాలి, నేను కాదనను. కానీ శైలేష్ బోస్‌ని ఎక్కడివాడని అడిగినందుకు పుట్టిన క్లబ్బు, అప్పారావు, బలరాం కట్టిన లీగు, ఇప్పుడు జట్టు షీటు మీద ప్రతివాడి ఊరూ అడుగుతోంది.

పాయింట్లు కాదు, పైకం

పేట పేరు పెట్టుకున్న క్లబ్బు భవానీపూర్ ఎఫ్‌సీ. 1910లో పెట్టారు, అంటే మోహన్ బగాన్ షీల్డ్‌కంటే ఏడాది ముందు. పెద్ద క్లబ్బుల నీడలో నూరేళ్ళు నెట్టుకొచ్చింది. మైదాన్ టెంట్ల క్యాంటీన్లలో దొరికే పల్చటి చికెన్ స్టూ, కాల్చిన రొట్టె తింటూ చిన్న క్లబ్బుల అధికారులు మాట్లాడుకునేది ట్రోఫీల గురించి కాదు. ఈ నెల బంతులెవరు కొంటారు, ఆటగాళ్ళకి బస్సు చార్జీలెవరిస్తారు, ఇవే.

2020 అక్టోబరులో ఐ-లీగ్‌కి వెళ్ళే అర్హత పోటీల్లో భవానీపూర్ రెండో స్థానంలో నిలిచింది. మెట్టు ఒకటే, మహమ్మడన్ ఎక్కింది. భవానీపూర్ ఉన్నచోటే ఉండిపోయింది. ఆటలో ఓడారు, దానికి ఏడుపెందుకు? కానీ అదే శరత్కాలంలో ఇంకో మెట్టు కూడా ఎక్కారు చూడండి. మోహన్ బగాన్ ఏటీకేతో కలిసి, ఈస్ట్ బెంగాల్ ఒక సిమెంటు కంపెనీ పెట్టుబడితో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో అడుగుపెట్టాయి. 2014లో మొదలైన ఆ లీగుకి పాయింట్లు గెలిచి పైకెళ్ళే దారే లేదు అప్పటికి. కట్టాల్సింది కడితే లోపలికి. ఆట గెలిచి ఎక్కిన తొలి జట్టు పంజాబ్, 2023లో. అప్పటిదాకా కింద ఉన్నవాడు ఎంత గెలిచినా పైకి రాలేదు, పైనున్నవాడు ఎంత ఓడినా కిందికి పోలేదు. దీనికంటే వెల్లింగ్టన్ క్లబ్ నయం. కారణం మొహం మీదే చెప్పింది.

2022లో పుట్టిన డైమండ్ హార్బర్ ఎఫ్‌సీ వెనక ఎంపీ అభిషేక్ బెనర్జీ ఉన్నారు. 2025లో ఆ జట్టు డ్యూరాండ్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి నార్త్ ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6-1తో ఓడింది. బాగా ఆడారు, పిల్లల కష్టాన్ని కాదనకూడదు. నాయకుడు క్లబ్బు పెడితే దాన్ని క్రీడాభివృద్ధి అంటారు. ఆటగాడు నోరు తెరిస్తే మాత్రం రాజకీయం అంటారు.

మన దగ్గర హనుమ విహారికి జరిగింది చూడండి. 2024 జనవరిలో విశాఖలో రంజీ సీజన్ తొలి మ్యాచ్, అదీ బెంగాల్ మీదే. ఆంధ్ర కెప్టెన్ విహారి. ఆ తర్వాత కెప్టెన్సీ పోయింది. ఫిబ్రవరిలో సీజన్ ముగిశాక ఆయన బయటపెట్టిన కథ ఇది. ఆ మ్యాచ్‌లో జట్టులోని ఒక కుర్రాడిని కేకలేశాను, అతని తండ్రి రాజకీయ నాయకుడు, ఆయన చెబితే సంఘం నన్ను తప్పుకోమంది, ఇక ఆంధ్రకి ఆడను. సంఘమేమో విహారి నోటిదురుసు మీద ఫిర్యాదులున్నాయంది. జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. నారా లోకేశ్‌ని కలిశాక విహారి మళ్ళీ ఆంధ్రకే ఆడతానన్నారు. సెప్టెంబరుకల్లా సంఘం అధ్యక్ష స్థానంలోకి విజయవాడ ఎంపీ వచ్చారు. విహారికి న్యాయం జరిగింది అనుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. పోగొట్టినదీ తెచ్చిపెట్టినదీ ఒకటే తాళంచెవి, చెయ్యి మారిందంతే. భారత్ తరఫున టెస్టులాడి, సిడ్నీలో తొడ కండరం పట్టేసినా గంటల తరబడి నిలబడి మ్యాచ్ కాపాడిన ఆటగాడికే ఇది తప్పలేదు. మండల స్థాయి సెలక్షన్స్‌కి కిట్టు బ్యాగు మోసుకొచ్చే పిల్లాడి నాన్న ఎవరిని కలవాలి?

నాలుగు పాయింట్ల దూరం

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల హెప్టాథ్లాన్. మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. బెంగాల్ అమ్మాయి స్వప్న బర్మన్ 5708తో నాలుగో స్థానం. నందిని తండ్రి టీ అమ్మేవారు, ఆమె గురుకుల పాఠశాలలో చదివింది. స్వప్న తండ్రి జల్పాయిగుడిలో రిక్షా బండి లాగేవారు, తల్లి తేయాకు తోటలో పని చేసేది. రెండు పాదాలకీ ఆరేసి వేళ్ళు కావడంతో సరిపడే బూట్లు లేక నొప్పితోనే పరుగెత్తి 2018లో జకార్తాలో స్వర్ణం తెచ్చింది స్వప్న. ఈ దేశంలో ఇలాంటి ఇళ్ళ నుంచి ఇద్దరమ్మాయిలు అంతదూరం వెళ్ళడమే గొప్ప.

పతకం పోయిన బాధలో స్వప్న, నందిని ఆడపిల్లే కాదన్న అర్థం వచ్చేలా సోషల్ మీడియాలో రాసింది. ఆధారమేమీ లేదు. ఉంటే చూపించమని నందిని అడిగింది. స్వప్న ఆ పోస్టు తీసేసి క్షమాపణ చెప్పింది. ఈలోగా అది దేశమంతా తిరిగింది. మహిళల పోటీలు సమంగా జరగాలి, దానికి నిబంధనలుండాలి, వాటిని డాక్టర్లూ సమాఖ్యలూ గోప్యంగా చూసుకోవాలి. ఆ చర్చ ఉండాల్సిందే. ఇక్కడ జరిగింది ఆ చర్చ కాదు. పతకం మెడలో వేసుకోగానే ఒక అమ్మాయి తన ఒంటికి లోకం ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇదే బెంగాల్‌లో 2012లో, 2006 ఆసియా క్రీడల స్వర్ణ విజేత పింకీ ప్రామాణిక్‌ని ఇలాంటి అనుమానంతో ఎంత అవమానించారో స్వప్నకి తెలియకుండా ఉండదు. ఎవరో పైవాళ్ళు చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఒకే మెట్టు మీద నిలబడ్డవాళ్ళలో ఒకరు చేసిన పని ఇది. అందుకే నమిలి మింగలేకపోతున్నాను.

నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్యకి కలకత్తా ఇంకో రకంగా ఎదురొచ్చింది. ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు 2024-25లో ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచింది. వింగ్ మీద పరుగులు తీసింది సౌమ్య. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డూ ఆమెకే. పాత ఎర్ర-పసుపు జెర్సీకి అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ మనవైపు నుంచి ఒకరు పేరు తెచ్చారన్నమాట. షీల్డ్ గెలిచి దేశాన్ని ఊపేసిన మోహన్ బగాన్ పేరుతో ఆ లీగ్‌లో జట్టే లేదు. మహిళా ఫుట్‌బాలర్ శాంతి మల్లిక్‌కి అర్జున వచ్చి (1983) నలభై ఏళ్ళు దాటిన ఊరిది.

ఇద్దరూ ఒకే గేటు బయట

2024 ఆగస్టు 9న ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో యువ డాక్టర్ మీద జరిగిన ఘోరం తర్వాత ఊరు కుతకుతలాడింది. 18న సాల్ట్ లేక్ స్టేడియంలో డ్యూరాండ్ కప్ డెర్బీ, మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ. బందోబస్తుకి పోలీసులు చాలరంటూ ముందురోజు రద్దు చేశారు. గ్యాలరీల్లో న్యాయం కావాలన్న బ్యానర్లు లేస్తాయన్న భయమే అసలు కారణమని జనం అన్నారు. ఆటకి చాలని పోలీసులు 18 సాయంత్రం స్టేడియం బయట బోలెడంతమంది కనిపించారు, లాఠీలతో సహా. ఎర్ర-పసుపు, ఆకుపచ్చ-ముదురెరుపు, వాటితో మహమ్మడన్ నలుపు-తెలుపు, జెండాలు మూడూ ఒకే రోడ్డు మీద కలిశాయి. నూరేళ్ళుగా ఒకరి నీడ ఒకరు పడనివ్వనివాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరెక్కారు. మోహన్ బగాన్ కెప్టెన్ శుభాశీష్ బోస్ భార్యతో కలిసి వచ్చాడు.

ఆటలోకి రాజకీయాలు తేవద్దన్న మాట ఆ వారమంతా టీవీల్లో మోగింది. అన్నది ఎవరు? పదవుల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళ మనుషులు. ప్రభుత్వం బంతులు పంచిన రోజున ఎవరికీ గుర్తురాని మాట, జనం ఒక అమ్మాయి కోసం బ్యానర్ పట్టుకుంటే గుర్తొచ్చింది. బాబాయి కూడా ఆ సాయంత్రం టీవీ చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వీళ్ళు వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తార్రా" అన్నారు. నేను ఆయన పాత మాట ఎత్తలేదు.

ఇక మెస్సీ. 2025 డిసెంబరు 13 పొద్దున్న సాల్ట్ లేక్ స్టేడియం. వేలకి వేలు పోసి టికెట్ కొన్నవాళ్ళు గ్యాలరీలో, మంత్రులూ వాళ్ళ బంధువర్గమూ ఫొటోలవాళ్ళూ మైదానంలో. మెస్సీ చుట్టూ ఎంత గుంపంటే, పైనుంచి చూసేవాళ్ళకి ఆయన తల కూడా కనిపించలేదు. ఇరవై నిమిషాలో ఎంతో అయ్యాక ఆయన వెళ్ళిపోయాడు. కుర్చీలు విరిగాయి, సీసాలు ఎగిరాయి. నిర్వాహకుడిని అరెస్టు చేశారు, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పి విచారణ కమిటీ వేశారు, క్రీడామంత్రి ఆ శాఖ వదులుకున్నారు. కుర్చీలు విరగ్గొట్టడం తప్పే. కానీ నెల జీతంలో సగం పెట్టి టికెట్ కొన్నవాడికి మంత్రిగారి వీపు చూపిస్తే వాడేం చేస్తాడు?

అదే సాయంత్రం ఉప్పల్ స్టేడియంలో మెస్సీ, రేవంత్ రెడ్డి బంతి తన్నుకున్నారు. చక్కగా జరిగింది. చూశావా, మనవాళ్ళు ఎంత పద్ధతిగా చేశారో అని హైదరాబాద్ నుంచి నాకు మెసేజీలు వచ్చాయి. నిజమే, పద్ధతిగా చేశారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన ఊరు, రహీం ఊరు, బలరాం ఊరు. 2022లో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం మెస్సీ దిగడానికి కొద్ది వారాల ముందే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ రోజుకి దేశంలో ఐఎస్ఎల్ సీజన్ కూడా మొదలవలేదు, సమాఖ్యకీ వాణిజ్య భాగస్వామికీ మధ్య ఒప్పందం ముగిసిపోయి. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీ పక్కన నిలబడి ఫొటో దిగాలంటే మనిషికి దాదాపు 10 లక్షలన్నారు. మహిళల లీగ్‌లో ఆడే అమ్మాయిల కాంట్రాక్టుకి జాతీయ సమాఖ్య 2023లో పెట్టిన కనీస మొత్తం ఏడాదికి 3 లక్షల 20 వేలు.